పైపు గ్యాస్ మీటర్‌లో ఎర్ర అంకెలు: నాలుగేళ్లు వాడాక

బండ బుక్ చేసే పని లేదు, వంట మధ్యలో గ్యాస్ అయిపోదు. పైపు గ్యాస్ గురించి ఈ సంగతులు అందరికీ తెలిసినవే. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా వాడుతున్న మాకు అన్నిటికంటే నచ్చింది మీటర్. ఐదు నల్ల అంకెల పక్కన మూడు ఎర్ర అంకెలుంటాయి. చివరి అంకె ఒకటి కదిలితే లీటరు గ్యాస్ ఖర్చయినట్టు. కుక్కర్ పెట్టేముందు, దించాక చూసుకుంటే పప్పుకి ఎన్ని లీటర్లు పట్టిందో తేలిపోతుంది. బండతో అయితే ప్రతిసారీ తూకం వేయాలి.

కాకపోతే ఆ అంకెలు చూపేది గ్యాస్ ఎంత చోటు ఆక్రమించిందన్నదే. అందులో వేడి ఎంతుందో మనమే కట్టుకోవాలి, చిక్కంతా అక్కడే వచ్చింది.

స్టవ్ ఎంత వేడిని గిన్నెకి అందిస్తోందో చూద్దామని 5 లీటర్ల నీళ్లు పెట్టాం. మొదట 28 డిగ్రీలు, మూత పెట్టి 88 దగ్గర ఆపేశాం. మరిగేదాకా ఉంచకూడదు. కిలో నీరు ఆవిరైతే 540 కిలో కేలరీలు దాంతోపాటే పోతాయి, లెక్క చెడుతుంది. నీళ్లకి అందినది 5 × 60, అంటే 300 కిలో కేలరీలు. ఎర్ర అంకెలు 64 కదిలాయి.

ఘనపు మీటరుకి, అంటే వెయ్యి లీటర్లకి, 9,400 కిలో కేలరీల గ్రాస్ విలువ (పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని కూడా కలిపినది) వేసుకుంటే 64 లీటర్లలో 602. స్టవ్ సామర్థ్యం 50 శాతం! బండ స్టవ్‌ని పైపు గ్యాస్‌కి తగ్గట్టు చేయడానికి జెట్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ముక్క) మార్చినవాళ్లు ఏదో పాడు చేశారనే అనుకున్నాం. మంట చూస్తే నీలంగానే ఉంది, గిన్నె అడుగున మసి లేదు.

తప్పు లెక్కలో ఉంది. ఆ 9,400 అనేది 15 డిగ్రీల వేడి, 1013 మిల్లీబార్ల పీడనం దగ్గర కొలిచిన ఘనపు మీటరుకి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పీడనం సుమారు 950. పైపులో దానికి పైన ఉండేది 21 మాత్రమే, మొత్తం 971. 971ని 1013తో భాగిస్తే 0.958. గ్యాస్ 30 డిగ్రీల్లో ఉంటే, 15కీ 30కీ 273 చొప్పున కలిపి (కెల్విన్‌లోకి మార్చి) 288ని 303తో భాగించాలి, 0.95. రెండూ గుణిస్తే 0.91. అంటే మా మీటర్ చూపే ఒక్కో ఘనపు మీటరులో ఉండేది సుమారు 8,560 కిలో కేలరీలే. మా మీటర్ లాంటి మామూలు డయాఫ్రం మీటర్ ఈ సవరణ చేయదు. కాకినాడలో ఇదే మీటర్ పెడితే గుణకం 0.97 వస్తుంది.

ఇలా సరిచేశాక సామర్థ్యం 55 శాతం. అదే నెట్ విలువతో, అంటే పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని తీసేసి లెక్క కడితే 61 దాకా వెళ్తుంది. అవే నీళ్లు, అదే మంట, మూడు జవాబులు. అందుకే ఎవరైనా సామర్థ్యం చెబితే గ్రాసా, నెట్టా అని ముందు అడగండి. రెంటికీ తేడా పది శాతం దాకా ఉంటుంది.

నాకున్న అసలు ఫిర్యాదు బిల్లు మీద. యూనిట్లు (ఘనపు మీటర్లు) వేస్తారు, రేటు వేస్తారు, ఆ నెల గ్యాస్ కేలరిఫిక్ విలువ, అంటే ఘనపు మీటరులో ఎంత వేడి ఉందన్నది మాత్రం మా బిల్లులో కనబడదు. సహజవాయువు ధర ప్రభుత్వం ప్రకటించేది మిలియన్ బీటీయూలకి (బీటీయూ కూడా వేడి కొలమానమే), అంటే 2.52 లక్షల కిలో కేలరీలకి. 9,400 లెక్కన అది 26.8 ప్రామాణిక (15 డిగ్రీలు, 1013 మిల్లీబార్ల దగ్గరి) ఘనపు మీటర్లు. పైన వేడిని బట్టి ధర కట్టే సరుకుని ఇంటికొచ్చేసరికి చోటుని బట్టి అమ్ముతున్నప్పుడు ఆ ఒక్క అంకె వేయడం న్యాయం.

కనెక్షన్ తీసుకున్న కొత్తలో బండ అంటే 18 యూనిట్లని అడిగినవాళ్లందరికీ చెప్పాను. 14.2 కిలోలు, కిలోకి 11,900 చొప్పున 1.69 లక్షల కిలో కేలరీలు, దాన్ని 9,400తో భాగిస్తే 18. లెక్క తప్పు కాదు గానీ అవి ప్రామాణిక యూనిట్లు. మా మీటర్ మీద బండకి సరిసాటి 19.7. నెలంతా వండితే ఈ తొమ్మిది శాతం తేడా బాగానే తెలుస్తుంది. బిల్లులో పీడనం, ఉష్ణోగ్రతల సవరణ చేసేచోట మాత్రం 18 అనే లెక్కే నిలుస్తుంది. ముందు మీ బిల్లులో అది ఉందేమో చూడండి.

మీటర్ బిగించేటప్పుడు నీడపట్టున పెట్టమనండి. గ్యాస్ 10 డిగ్రీలు వేడెక్కితే అదే యూనిట్‌లో వేడి మూడు శాతం తగ్గిపోతుంది. మా పడమటి బాల్కనీలో మే నెలలో ఇదే జరుగుతోంది.

మాది నలుగురి ఇల్లు, రెండు పూటలా వంట, గీజర్ కరెంటుది. మాకు పైపు గ్యాసే నయం, బండకి మళ్లీ వెళ్లం. డబ్బు మిగలాలని మార్చుకునేవాళ్లు మాత్రం బండ ధరని 19.7తో భాగించి చూసుకోవాలి. సముద్ర తీరంలో ఉంటే 18.5 చాలు. యూనిట్ రేటు అంతకంటే తక్కువుంటేనే ఇంధనం మీద మిగులు, అదీ రెండు స్టవ్‌ల సామర్థ్యం ఒకటే అనుకుంటే.