సుండ్‌బోర్న్ ఇల్లు: కార్ల్ గీసింది, కారిన్ నేసింది

స్వీడన్ చిత్రకారుడు కార్ల్ లార్సన్ తన ఇంటిని గీసిన బొమ్మల్ని నేను మొదట చూసింది ఒక పాత కేలెండర్లో. ఎర్ర కుర్చీలు, కిటికీ నిండా పూలకుండీలు, నేల మీద ఆడుకునే పిల్లలు. ఇలాంటి ఇల్లు నిజంగా ఎక్కడైనా ఉంటుందా అనుకునేదాన్ని. ఉంది. స్వీడన్‌లోని దలార్నా ప్రాంతంలో, ఫాలున్ ఊరికి సుమారు 13 కిలోమీటర్ల దూరాన, సుండ్‌బోర్న్ అనే పల్లెలో ఏటి ఒడ్డున ఉంది. ఈ జూన్‌లో వెళ్లి చూసొచ్చాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, స్టాక్‌హోమ్‌ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేద్దామని మాత్రం అనుకోకండి. ఫాలున్‌కు రైల్లోనే దాదాపు మూడు గంటలు పడుతుంది, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. నేను ఒక ప్రైవేటు టూర్ వాళ్లను నమ్ముకుని దెబ్బతిన్నాను. ఫాలున్ రాగి గనినీ ఈ ఇంటినీ ఒకే మధ్యాహ్నంలో ఇరికించారు. గనిలోంచి బయటపడేసరికే ఇంటి టికెట్ టైమ్ దాటిపోయింది. ఆదివారం కావడంతో బస్సులు కూడా తక్కువ. ఏడుపొక్కటే తక్కువైంది. అప్పటికప్పుడు ఫాలున్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో గది తీసుకుని, మర్నాడు నా అంతట నేనే వెళ్లాను. మంచం ఇరుకు, గోడలు పల్చన, పక్క గదిలో దగ్గినా వినపడుతుంది. కానీ వంటగది వాడుకోనిచ్చారు, పొద్దున టిఫిన్ కడుపునిండా పెట్టారు. రాత్రి పదింటికి కూడా కిటికీలోంచి వెలుతురు వస్తూనే ఉంది. అంతకంటే ఖరీదైన గది తీసుకోనక్కర్లేదు.

గని సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. కింద చలి ఎక్కువ కాబట్టి జూన్‌లోనైనా స్వెటర్ ఉండాలి. ఆ చుట్టుపక్కల ఏ ఇల్లు చూసినా కనపడే ముదురు ఎరుపు ఈ గని మట్టిలోంచి వచ్చిన రంగే. ఆ ఒక్క సంగతి కోసమైనా గని చూడాలి, కానీ విడిగా ఒక పూట పెట్టుకోండి.

ఇక ఇల్లు. దాని పేరు లిల్లా హిట్నేస్. 1888లో కార్ల్ భార్య కారిన్ తండ్రి దాన్ని ఆ దంపతులకు ఇచ్చాడు. 1901 నుంచి వాళ్లు అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు వాళ్ల వారసుల సంఘం చూసుకుంటోంది. ఒంటరిగా తిరగనివ్వరు, గైడ్‌తోనే వెళ్లాలి. బ్యాగులు బయట పెట్టాలి, లోపల ఫోటోలు తీయకూడదు. మొదట కొంచెం చిరాకు వేసింది. తర్వాత అదే మేలైంది. ఫోన్ చేతిలో లేకపోతే కన్ను రంగుల మీదే ఉంటుంది. మా గైడ్ చదువుకునే అమ్మాయి, ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. కానీ ముప్పావు గంట అస్సలు చాలదు. భోజనాల గదిలో నేను గోడల ఆకుపచ్చనీ, బల్లా కుర్చీల ఎరుపునీ పక్కపక్కన పెట్టి చూస్తుండగానే, వెనక గుంపు వస్తోందని కదిలించేశారు. ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకుని, రోజులో మొట్టమొదటి గుంపులోనే వెళ్లండి.

కార్ల్ 1853లో స్టాక్‌హోమ్‌లో కటిక పేదరికంలో పుట్టాడు. తినడానికి తిండి లేని ఇల్లు, బిడ్డను ఈసడించే తండ్రి. బడిలో టీచరు ప్రోత్సహిస్తే పదమూడేళ్లకే ఆర్ట్ అకాడమీ తలుపు తట్టాడు. అలాంటి బాల్యం గడిపినవాడు జీవితమంతా గీసింది అన్నం బల్ల, పూలకుండీ, బట్టలేసుకునే పిల్లలు. 1894లో వాన ముసురు పట్టిన వేసవిలో బయటికెళ్లి బొమ్మలేయలేక విసుక్కుంటుంటే, ఇంటినే గీయమని కారిన్ చెప్పిందంటారు. అల్లరి చేసి మూల కుర్చీలో కూర్చోబెట్టిన కొడుకు పొంటుస్ బొమ్మ ఆ రోజుల్లోదే. ఆ నీటిరంగుల చిత్రాలన్నీ కలిపి 1899లో 'ఒక ఇల్లు' అనే పుస్తకంగా వచ్చాయి.

అయితే ఆ ఇంట్లో నిలబడ్డాకే నాకు అసలు విషయం అర్థమైంది. బొమ్మల్లో మనం చూసే రంగుల్లో సగం కారిన్‌వి. ఆవిడా అకాడమీలో చదువుకున్న చిత్రకారిణే. 1882లో ఫ్రాన్స్‌లోని గ్రే గ్రామంలో కార్ల్‌ను కలిసింది, మరుసటి ఏడు పెళ్లి, ఆ తర్వాత ఎనిమిది మంది పిల్లలు. కుంచె పక్కన పెట్టి మగ్గం పట్టింది. ఆవిడ గదికీ ఆయన గదికీ మధ్య ద్వారానికి ఆవిడ నేసిన తెర వేలాడుతోంది, పేరు 'ప్రేమ గులాబీ'. పెద్ద ఎర్ర పువ్వు, దాని చుట్టూ సాగిన తీగలు. దగ్గరికెళ్లి చూస్తే అవతలి గది వెలుతురు పోగుల మధ్యలోంచి వడకట్టినట్టు వస్తోంది. నేను అక్కడే ఉండిపోతే గైడ్ అమ్మాయి వచ్చి, "మీరూ నేస్తారా?" అని అడిగింది. నేయను, నీటిరంగులు వేస్తానని చెప్పాను. బయట కేలెండర్ల మీదా కప్పుల మీదా కార్ల్ పేరొక్కటే కనపడడం ఆ క్షణం నుంచి నాకు మింగుడు పడటం లేదు.

వీలైతే ముందు స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియం చూసి రండి. నీటిరంగుల చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి అన్ని రోజుల్లోనూ ప్రదర్శనలో ఉంచరు, ముందే కనుక్కోండి. మెట్ల మీద ఆయన వేసిన పెద్ద గోడచిత్రాలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. వాటికి తోడు 'మిడ్‌వింటర్‌బ్లూట్' అనే పదమూడు మీటర్లకు పైగా పొడవున్న చిత్రం ఉంది. ఆ మ్యూజియం గోడ కోసమే గీస్తే వద్దని తిప్పిపంపారు. తర్వాత అది జపాన్ చేరి, 1997లో మ్యూజియమే కొని వెనక్కి తెచ్చుకుంది. ఆ తిరస్కారం ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది. నాకు మాత్రం ఆ మహా చిత్రం ముందు కంటే మూలన అలిగి కూర్చున్న పిల్లాడి ముందే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

టూర్ అయ్యాక బస్సుకు రెండు గంటలుంది. పక్కనే కాఫీ, దాల్చినచెక్క బన్ను తిని, చర్చి ఆవరణలో కార్ల్ సమాధి చూసి, ఏటి ఒడ్డున రంగుల డబ్బా తెరిచాను. ఆ ఇంటి ఎరుపు మూడుసార్లు కలిపినా రాలేదు. నాలుగోసారి కొంచెం గోధుమ రంగు వేస్తే కాస్త దగ్గరికొచ్చింది, ఇంతలో బస్సు వచ్చేసింది.