తూర్పు గుమ్మం, పడమటి బాల్కనీ: మా ఫ్లాట్ వెలుగుపై సమీక్ష

హైదరాబాద్‌లో మూడో అంతస్తులోని ఈ రెండు పడక గదుల ఫ్లాట్‌లో ఏడెనిమిదేళ్లుగా ఉంటున్నాం. అమ్మేటప్పుడు 'తూర్పు ముఖం' అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. అబద్ధం కాదు, గుమ్మం తూర్పుకే ఉంది. కాకపోతే అది తెరుచుకునేది కారిడార్‌లోకి. అక్కడ పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు వెలగాల్సిందే. ఇంట్లోకి వెలుగు వచ్చేదంతా పడమటి బాల్కనీ నుంచి, దక్షిణపు కిటికీ నుంచి.

దక్షిణపు కిటికీకి నూటికి నూరు మార్కులు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. రెండడుగుల సజ్జా కింద నుంచి ఎండ దూరి మంచం మీద పరుచుకుంటుంది. మా అత్తగారు బియ్యం చాటతో అక్కడే కూర్చుంటారు, కళ్లద్దాలు లేకుండానే రాళ్లు కనిపిస్తాయట! మే రెండో వారానికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు అదే సజ్జా ఎండను కిటికీ దాటనివ్వదు, గదిలో వెలుతురుకు మాత్రం లోటుండదు.

పడమటి హాలు సంగతి వేరు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని సజ్జా ఆపలేదు. ఏప్రిల్‌లో నాలుగింటికి టీవీలో బొమ్మ కనిపించదు. సోఫా ఒక పక్కే రంగు వెలిసింది. ఎండకు కాగిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ రాత్రి భోజనాలయ్యాక కూడా చేతికి వెచ్చగా తగులుతుంది. మందపాటి కర్టెన్లు వేస్తే చీకటి వచ్చింది గానీ వేడి పోలేదు. అద్దం దాటిన ఎండ లోపలే వేడిగా మారుతుంది మరి. బాల్కనీ బయటి అంచున వెదురు తెరలు కట్టించాకే ప్రాణం కుదుటపడింది. వానలకు బూజు పడతాయి, రెండు మూడేళ్లకోసారి మార్చక తప్పదు. అయినా శ్రావణంలో వాన వెలిసిన సాయంత్రం ఈ హాలును ఇంకే గదికీ ఇచ్చుకోను.

వంటిల్లు డక్టు వైపు ఉంది. పొద్దున్నే లైటు వేయాలి, అంతే.

కొనేవాళ్లు గుమ్మం దిక్కు తర్వాత చూసుకోవచ్చు. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి వెళ్లి, లైట్లన్నీ ఆర్పించి హాలులో కాసేపు కూర్చోండి. దక్షిణాన ఖాళీ స్థలం ఉంటే అందులో ఏం రాబోతోందో కూడా వాకబు చేయండి. మా పక్క స్థలంలో ఇప్పుడు పునాదులు తవ్వుతున్నారు, ఐదంతస్తులట.