కీమో కలిపే సిస్టర్‌కి ఏది మేలు: క్యాబినెట్టా, క్లోజ్డ్ సిస్టమా?

జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డేకేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. రోగికి ఊరికి దగ్గర్లోనే కీమో దొరికితే అంతకన్నా కావలసిందేముంది? అయితే ఆ మందు కలిపేదెవరు, ఏ గదిలో? చిన్న ఆసుపత్రుల్లో ఆ పని తరచూ సిస్టర్ల మీదే పడుతుంది, అదీ వార్డు పక్క బల్ల మీద.

వయల్‌లోకి, అంటే మందు సీసాలోకి, సెలైన్ ఎక్కించగానే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సూది బయటికి తీసేటప్పుడు కుక్కర్ విజిల్‌లాగా మందు చిమ్ముతుంది, కాకపోతే ఆ తుంపర కంటికి కనబడదు. ఇలాంటి మందులు ముట్టుకునే నర్సుల మూత్రంలో జన్యువుల్ని మార్చే గుణం కనబడిందని ఫిన్లాండ్ పరిశోధకులు 1979లోనే రాశారు. రోజూ వాడే సైక్లోఫాస్ఫమైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని తేలిన మందుల జాబితాలోనే ఉంది.

మాస్కు, గ్లౌజులతో సరిపెట్టడాన్ని నేను పోటీలోకే తీసుకోను. మామూలు సర్జికల్ మాస్కు ఈ తుంపరను ఆపదు. గ్లౌజులు కీమో మందులకు పరీక్షించినవై ఉండాలి, రెండు జతలు వేసుకోవాలి, అరగంటకోసారి మార్చాలి. ఇవన్నీ ఎలాగూ ఉండాల్సినవే. అసలు పోటీ క్యాబినెట్‌కీ, క్లోజ్డ్ సిస్టమ్‌కీ మధ్యే.

బయోసేఫ్టీ క్యాబినెట్ అంటే మందు కలపడానికి వాడే, ముందు అద్దమున్న పెట్టె. అందులో గాలి పైనుంచి కిందికి వీస్తుంది, ఫిల్టర్ గుండా పోతుంది. తుంపర సిస్టర్ ముఖం దాకా రాదు. కొనేటప్పుడు ఒక్క సంగతి చూసుకోవాలి. గాలి అడ్డంగా వీచే లామినార్ ఫ్లో బల్లలు కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి. అవి మందును శుభ్రంగా ఉంచుతాయి గానీ ఆ గాలిని నేరుగా కలిపేవాళ్ల మీదికే తోస్తాయి. కీమోకి అది వద్దే వద్దు. క్యాబినెట్‌కి ఖర్చు ఒకేసారి, ఆపైన ఎప్పటికప్పుడు పనితీరు పరీక్ష (సర్టిఫికేషన్), అవసరమైనప్పుడు ఫిల్టర్ల మార్పు. దాని లోటల్లా, రక్షణ ఆ గది గుమ్మం దాటి రాకపోవడం.

క్లోజ్డ్ సిస్టమ్ అంటే వయల్‌కీ సిరంజికీ, సిరంజికీ సెలైన్ బ్యాగుకీ మధ్య బిగించే అడాప్టర్లు. మందు బయటికి రాదు, ఆవిరి కూడా చాలావరకు లోపలే ఉంటుంది. రోగి మంచం దగ్గరా పనిచేస్తుంది. అమెరికా మందుల ప్రమాణాల పుస్తకం (ఫార్మకోపియా) 800వ అధ్యాయం కూడా మందు ఎక్కించేటప్పుడు దీన్ని తప్పనిసరి చేసి, కలిపేటప్పుడు వాడితే మంచిదని మాత్రమే అంటుంది. చిక్కల్లా ఖర్చుతోనే: ప్రతి వయల్‌కీ కొత్త అడాప్టర్ కావాలి. స్టాకు అయిపోయిన రోజున మళ్లీ పాత సూదే.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేను క్యాబినెట్‌కే ఓటేస్తాను, ఫార్మసిస్టు చేత కలిపించి పనిని వార్డులోంచి తప్పించే షరతు మీద. మంచం దగ్గరి లోటును చాలావరకు పూడ్చే ఉపాయం ఒకటుంది, పెద్ద ఖర్చు లేనిది: బ్యాగులో మందు కలపకముందే దానికి తగిలించే ట్యూబును ఉత్త సెలైన్‌తో నింపి పంపడం. అలా చేస్తే సిస్టర్ గాలి తీసేటప్పుడు కారేది మందు కాదు. డబ్బు ఇంకాస్త చేతికొచ్చాక అడాప్టర్లు ముందు సైక్లోఫాస్ఫమైడ్ లాంటి ఆవిరయ్యే మందులకు కొనొచ్చు.

గర్భంతో ఉన్న సిస్టర్‌కి, పాలిస్తున్న తల్లికి మాత్రం ఈ రెండిట్లో ఏది ఉన్నా వేరే డ్యూటీ అడిగే వీలుండాలి. ఇక బెడ్‌పాన్ దగ్గర ఏ యంత్రమూ అక్కరకు రాదు. కీమో తర్వాత కనీసం 48 గంటలు రోగి మూత్రంలో, వాంతిలో మందు ఉంటుందనే లెక్కన గ్లౌజులు, గౌను వేసుకోవాల్సిందే, ఆయాలతో సహా.