చేపల తొట్టికి ఆర్‌ఓ నీళ్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

మాది హైదరాబాద్‌లోని నిజాంపేట. అపార్ట్‌మెంట్‌లో వాడుకకు వచ్చేవి బోరు నీళ్లే. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) మీటరు ముంచితే వానాకాలంలో 650 దగ్గర ఉంటుంది, మే నెలలో 800 దాటుతుంది. ఈ నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా పిల్లలు పెట్టేవి. నా మనసు మాత్రం కార్డినల్ టెట్రాల మీద ఉండేది. అవి అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నదిలో పుట్టిన జాతి. ఆ నది నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. బోరు నీళ్లలో వేసిన రెండు విడతల చేపలూ నెల తిరక్కుండానే పోయాయి. మూడో విడత తెచ్చే ముందు ఆర్‌ఓ పెట్టించాను.

నేను వాడేది వంటింట్లో ఉండే ప్యూరిఫయర్ కాదు. సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, లవణాలను ఆపే పొర అయిన 75 జీపీడీ మెంబ్రేన్, నీటి ఒత్తిడి పెంచే బూస్టర్ పంపు విడివిడిగా కొని, ఆర్‌ఓలు బాగుచేసే అబ్బాయి చేత వాష్ ఏరియాలో గోడకు బిగింపించాను. 75 జీపీడీ అంటే రోజుకు 75 గ్యాలన్లు, అంటే 284 లీటర్లని లెక్క. మా ఇంట్లో వచ్చేది గంటకు తొమ్మిది, పది లీటర్లు. డిసెంబరులో ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే నీళ్లు చల్లగా ఉంటే మెంబ్రేన్‌ని త్వరగా దాటలేవు.

నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉంటే చేపలకు అంత మంచిదని మొదట్లో నమ్మాను. చేపలు కొన్న షాపులోనూ అదే చెప్పారు. మూడు నెలల పాటు ఉత్త ఆర్‌ఓ నీళ్లే మార్చాను. ఒక రోజు చేపలన్నీ మేత ముట్టకుండా ఒక మూలకు చేరాయి. నీళ్లలో కార్బొనేట్లు ఎంత ఉన్నాయో చెప్పే కేహెచ్ టెస్ట్ కిట్ తీశాను. మామూలుగా తొట్టి నీళ్లలో మందు చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది, చుక్కలు పెంచుతూ పోతే పసుపుకి తిరుగుతుంది, ఎన్ని చుక్కలు పట్టాయో అదే కేహెచ్. ఆ రోజు మొదటి చుక్కకే పసుపు వచ్చింది. అంటే నీళ్లలో కార్బొనేట్లు ఏమీ మిగల్లేదు.

చేపల మలం, మిగిలిపోయిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టరులోని బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. ఆ పనిలో కార్బొనేట్లు ఖర్చవుతూ ఉంటాయి. ఆర్‌ఓ నీళ్లలో అవి లేవు కాబట్టి పీహెచ్ పడిపోయింది, అంటే నీళ్లు ఆమ్లంగా మారాయి, దాంతో బ్యాక్టీరియా పనీ మందగించింది. నేను టెన్షన్‌లో రెండు బకెట్ల బోరు నీళ్లు ఒకేసారి పోసేశాను. తొట్టిలో పేరుకుపోయిన అమ్మోనియా, పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అమ్మోనియం రూపంలో పెద్దగా హాని చేయకుండా ఉన్నది, పీహెచ్ లేవగానే విషపు అమ్మోనియాగా మారింది. తెల్లారేసరికి ఇరవై చేపల్లో పదకొండు లేవు. ఇప్పటికీ ఆ ఉదయం గుర్తొస్తే బాధేస్తుంది. చేతిలో టెస్ట్ కిట్ ఉండి కూడా మూడు నెలలు దాన్ని తెరవలేదు.

అప్పటి నుంచి మూడు వంతులు ఆర్‌ఓ, ఒక వంతు బోరు కలుపుతున్నాను. టీడీఎస్ బోరు 780, ఆర్‌ఓ 25 ఉంటే కలిపాక 214 వస్తుంది, కేహెచ్ 16 నుంచి 4కి దిగుతుంది. ప్రతి ఆదివారం నలభై లీటర్లు మారుస్తాను. మధ్యలో ఎండకు తగ్గిన నీళ్లకు మాత్రం ఉత్త ఆర్‌ఓనే పోస్తాను, ఆవిరైపోయేది నీరే కానీ లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి కదా. ఇంకో చిన్న విషయం: మిషను వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టకండి. వారం పాటు ఆగి ఉన్న మెంబ్రేన్ నుంచి మొదటి గ్లాసు 70 చూపిస్తుంది, ఐదు నిమిషాలయ్యాక 25కి వస్తుంది.

వంటింటి ఆర్‌ఓతోనే సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లు అందులో కాపర్ కార్ట్రిడ్జ్ ఉందేమో తప్పకుండా చూసుకోండి. రాగి మనకు మంచిదని పెడతారు, తొట్టిలో పెంచే రొయ్యలకు మాత్రం కొద్దిపాటి రాగి కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు నచ్చనిది వృథా. లీటరు మంచి నీటికి మూడు లీటర్లు బయటికి పోతాయి. ముప్ఫై లీటర్ల కోసం తొంభై. వాటిని డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూముల్లో వాడతాం. మొదట్లో కుండీల్లో పోస్తే తులసి ఆకుల అంచులు మాడిపోయాయి. మీటరు పెట్టి చూస్తే 1,030 ఉంది.

గప్పీలు, మోలీలు పెంచేవాళ్లకు ఇదంతా అవసరం లేదు, మన బోరు నీళ్లే వాటికి నప్పుతాయి. టెట్రాలు, డిస్కస్, క్రిస్టల్ రెడ్ రొయ్యలు కావాలనుకుంటే, బోరు నీళ్ల ఇంట్లో ఆర్‌ఓ లేకుండా కష్టం. సెడిమెంట్, కార్బన్ ఆరు నెలలకోసారి మారుస్తాను. మెంబ్రేన్ మొదటిసారి మూడేళ్లు వచ్చింది. రెండోది ఈ నెల ఐదు నిమిషాలు వదిలాక కూడా 60 చూపిస్తోంది, మూడోదానికి ఆర్డర్ పెట్టాను.