అడ్డుకునే హక్కు ముందు ఎవరిది: చేతివేగానిదా, వంతుదా?

నలుగురైదుగురు కలిసి ఆడే కార్డు ఆటల నియమాల గురించి నన్ను అడిగేవారు చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు: ఒకరు ముక్క దింపాక, దాన్ని అడ్డుకోగల ముక్క ఇద్దరి చేతుల్లో ఉంటే ముందుగా ఎవరి మాట చెల్లాలి? ఇద్దరే ఆడేటప్పుడు ఈ చిక్కు దాదాపుగా రాదు, ఎందుకంటే ఒకరు వేసినదానికి జవాబు చెప్పవలసినవారు ఎదుటివారొక్కరే. మూడో మనిషి వచ్చి కూర్చున్నాక మాత్రం ఎవరికివారు పక్కవారి వైపు చూడటం మొదలవుతుంది. మా బృందం కూడా ఈ మధ్యనే, ముందుగా వేసినవారి మాటే చెల్లే చేతివేగం పద్ధతిని వదిలి, కూర్చున్న వరుసలో ఒక్కొక్కరూ మాట్లాడే వంతు పద్ధతికి మారింది కనుక, ఆ మార్పు ఎందుకు అవసరమైందో వివరంగా చెప్పగలననుకుంటున్నాను.

ముందుగా చేతివేగం సంగతి. 1971లో వచ్చిన ఊనోను కొందరు ఆడే తీరులో, బల్లమీద ఉన్న ముక్కతో రంగూ అంకే రెండూ సరిపోయే ముక్క ఉన్నవారు తమ వంతు కాకపోయినా వేయవచ్చు. 2015 నాటి ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్‌లో నోప్ ముక్కను ఎవరైనా, ఎవరి వంతులోనైనా వేసి ఎదుటివారి పనిని రద్దు చేయవచ్చు, ఆ నోప్ మీద మరో నోప్ కూడా వేయవచ్చు. చిన్న ఆటలకు ఇది బాగానే నప్పుతుంది, బల్ల చుట్టూ ఎవరూ పరధ్యానంగా ఉండలేరు. అయితే పెద్ద ఆటలో, ముక్క మీద నాలుగు వరుసల నియమం రాసి ఉన్నప్పుడు, దాన్ని చదివి ఆలోచించేవారు ప్రతిసారీ ఓడిపోతారు. దింపినవారు ఎంతసేపు ఆగాలో ఏ నియమమూ చెప్పదు కాబట్టి, తొందరపడి తరువాతి ముక్క వేసేవారికి అన్యాయమైన లాభం దక్కుతుంది. ఒక్క ముక్కను అడ్డుకోవడానికి ఇద్దరు ఒకేసారి రెండు విలువైన ముక్కలు పారేసుకోవడం మా బల్లమీద ఎన్నిసార్లు జరిగిందో లెక్కే లేదు.

వంతు పద్ధతికి పూర్తి రూపం మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డు ఆటలో కనబడుతుంది. 1993లో ఆట వచ్చినప్పుడు ఎవరి వంతులోనైనా వేయగల ఇన్‌స్టంట్ ముక్కలకన్నా వేగవంతమైన ఇంటరప్ట్ అనే తరగతి వేరుగా ఉండేది. 1999లో ఆరో ఎడిషన్ నియమాలు దాన్ని తీసేసి, స్టాక్ అనే దొంతరను తెచ్చాయి. చివరగా వేసినది ముందుగా ఫలిస్తుంది, అందరూ వరుసగా పాస్ (అంటే ‘నేనేమీ వేయను’) అంటేనే దొంతర పైముక్క ఫలిస్తుంది. ఇద్దరి ఆటలో ఇది యాంత్రికంగా అనిపించవచ్చు. దీని అసలు బలం నలుగురు కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

ఈ ఆటలో నాకు ఎదురైన ఒక సందర్భం చెబుతాను. ఒకరు ఆటను ముగించగల ముక్క దింపారు. ఆయన తరువాత మాట్లాడవలసినది నేను, నా చేతిలో దాన్ని రద్దు చేసే ముక్క ఉంది. వరుసలో చివర ఉన్నవారి చేతిలో మూడు ముక్కలు, ఆయన ముందు తిప్పకుండా, అంటే ఇంకా వాడకుండా ఉంచుకున్న రెండు నీలం ల్యాండ్లు (రద్దు చేసే ముక్క వేయడానికి కావలసిన శక్తినిచ్చేవి) కనబడుతున్నాయి. ఆయన దగ్గర కచ్చితంగా జవాబు ఉంటుందనుకుని, నా ముక్క మిగుల్చుకోవడానికి పాస్ అన్నాను. మూడోవారు కూడా పాస్ అన్నారు. చివరివారు తన ముక్కలను ఒకసారి చూసుకుని, నెమ్మదిగా బల్లమీద బోర్లించి పాస్ అన్నారు. ఆట అయిపోయింది. తప్పు నియమానిది కాదు, నా అంచనాది. ముగ్గురు మాట్లాడిన క్రమం వల్లనే ఆ అంచనా వేసే అవకాశం నాకు వచ్చింది. చేతివేగం పద్ధతిలో అయితే అటువంటి నిర్ణయమే ఉండేది కాదు, ముక్క చూడగానే విసిరేసేవాడిని.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే: నిర్ణయం తీసుకునే క్షణంలో ఎవరికి ఎంత తెలుసు? వంతు పద్ధతిలో ఆ లెక్క బల్లమీద అందరికీ కనబడుతుంది. పోకర్‌లో చివర మాట్లాడటం వరం, ఎందుకంటే మిగతావారి పందేలు చూశాకే నిర్ణయించుకోవచ్చు. ఆ లాభం ఒక్కరికే పోకుండా పంచేవారి స్థానాన్ని సూచించే డీలర్ బటన్ ప్రతి పంపకానికీ పక్కకు జరుగుతుంది. మ్యాజిక్‌లో మాత్రం చివరి స్థానం తరచుగా భారమవుతుంది. ముందున్నవారు చేతిలో ముక్క ఉంచుకుని కూడా పాస్ అని, ఆ ఖర్చును చివరివారి మీదకు నెట్టగలరు. ఇది ఈ పద్ధతికి ఉన్న నిజమైన లోపమని, కొందరు దీన్ని బెదిరింపుగా భావిస్తారని ఒప్పుకుంటాను. అయినా వంతు ఎవరిదన్నదాన్ని బట్టి చివరి స్థానం కూడా మారుతూ ఉంటుంది కనుక, ఆ భారం ఎవరి నెత్తినా శాశ్వతంగా ఉండిపోదు. అదీకాక, పాస్ అన్నవారి హక్కు అక్కడితో పోదు: వారి తరువాత ఎవరైనా కొత్త ముక్క వేస్తే, పైముక్క ఫలించే ముందు మాట్లాడే అవకాశం మళ్లీ అందరికీ వస్తుంది. చేతివేగంలో నెమ్మదైనవారికి అటువంటి సర్దుబాటు ఏదీ లేదు.

యూగియో అనే కార్డు ఆటలో ఒకదానికొకటి జవాబుగా వేసిన ముక్కల వరుస, అంటే చెయిన్ కూడా వెనుకనుంచి ముందుకే ఫలిస్తుంది, కానీ ఫలించడం మొదలయ్యాక మధ్యలో కొత్త ముక్క చేర్చనివ్వదు. ప్రధానంగా ఇద్దరి కోసం కట్టిన ఆట కనుక ఇక్కడ దాన్ని పొడిగించను.

అందరూ ఒకేసారి వేసే పద్ధతి పూర్తిగా వేరే దారి. 1994లో వచ్చిన సిక్స్ నిమ్ట్‌లో అందరూ ఒక్కో ముక్కను బోర్లించి, కలిసి తిప్పుతారు. చిన్న అంకె ఉన్న ముక్క అన్నిటికన్నా ముందుగా బల్లమీది వరుసలో చేరుతుంది, 104 ముక్కల్లో ఏ అంకే రెండుసార్లు లేదు కాబట్టి వివాదానికి తావే లేదు. సమయ నియమమంతా ముక్క మీదనే అచ్చయి ఉండటం నాకు ఎంతో నచ్చుతుంది. 2010 నాటి సెవెన్ వండర్స్‌లోనూ ఏడుగురు కూర్చున్నా ఎదురుచూపు అంతగా పెరగదు. అయితే ఇంకా చూడని ముక్కకు ఎవరూ జవాబు చెప్పలేరు. అడ్డుకోవడమే ప్రాణమైన ఆటకు ఈ పద్ధతిని అతికిస్తే ఆ ప్రాణమే పోతుంది, అడ్డుకోవడం లేని ఆటకైతే దీనినే ఎంచుకోమంటాను.

వంతు పద్ధతికి మారేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తటపటాయింపు కూడా సమాచారమే. చేతిలో ఏమీ లేనివారు వెంటనే పాస్ అని, ఉన్నవారు ఆగి ఆలోచిస్తే, గుట్టు అక్కడే బయటపడుతుంది. అందుకని మేము ముక్క ఉన్నా లేకపోయినా ఒక్క ఊపిరి ఆగి, పైకి వినబడేలా పాస్ అంటున్నాము. ప్రతి చిన్న ముక్కకూ ఈ ప్రదక్షిణ చేస్తే ఆట సాగదు కనుక, ఎవరైనా ఆగమని అడిగినప్పుడు మాత్రమే దింపినవారి పక్కనుంచి వరుసగా అడుగుతాము.