చిక్కపేట కొట్లో కొన్న బుల్లి కేకు టిన్నులు

దసరా సెలవులిచ్చే ముందు పిల్లల టీచర్లకి గుమ్మడికాయ కేకు చేసి పంపడం మా ఇంటి ఆనవాయితీ. మా తాతగారు కృష్ణా జిల్లాలో బడిపంతులు. అప్పట్లో దసరాకి పంతుళ్లు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వెళ్తే, ఊళ్లోవాళ్లు పంతులుగారికి మామూలు, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవారట. బెంగళూరు బళ్లలో ఆ వాడుక లేదు కనక మా పిల్లలే టీచర్ల దగ్గరికి కేకు పట్టుకెళ్తారు.

పెద్ద కేకు కోసి పంచితే సాయంత్రానికి ముక్కల అంచులు ఎండిపోతున్నాయి. మనిషికో బుల్లి కేకు ఇవ్వాలని ఈసారి బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్క సందులో, బేకరీ సామాన్లమ్మే కొట్లో చిన్న అల్యూమినియం టిన్నులు తీసుకున్నాను. కొట్టాయన మన తెలుగాయనే. "ముందు రెండే తీసుకెళ్లండక్కా, మీ ఓవెన్లో పడతాయో లేదో చూసుకుని మళ్లీ రండి" అన్నారు. ఆ మాటే నాకు నచ్చింది.

టిన్నులు చాలా బాగున్నాయి. రేకు మందంగా ఉంది, నొక్కితే వంగదు. పైఅంచు గుండ్రంగా మడిచారు, తోమేటప్పుడు చెయ్యి గీసుకోదు. మూలల్లో అతుకు లేదు కాబట్టి పిండి ఇరుక్కోదు. నల్ల నాన్‌స్టిక్ టిన్నులో లోపల ఉడికేలోపే అడుగు మాడిపోతుంది. వీటిలో 180 డిగ్రీల మీద నాలుగు పక్కలా ఒకే రంగు వచ్చింది. మూడొంతుల్లో రెండొంతులే నింపండి. నడిమధ్య చీలిక విచ్చుకుని, అందులోంచి బెల్లం వాసన వంటిల్లంతా కమ్ముకుంటుంది.

మన తియ్యగుమ్మడిలో నీరెక్కువ, ఉడకబెడితే పిండి జారైపోతుంది. ముక్కలు ఓవెన్లోనే కాల్చి, గుజ్జుని పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీయండి. టీచర్లలో గుడ్డు తిననివాళ్లుంటారని నేను పెరుగు, వంటసోడాతోనే చేస్తాను. పెరుగు పులుపుకి సోడా బాగానే పొంగిస్తుంది, కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్లో పెట్టాలి.

అదే కొట్లో దాల్చినచెక్క మాత్రం కొనకండి. సిలోన్‌దని చెప్పి ఎక్కువ ధరకి అమ్మారు, ఇంటికొచ్చి చూస్తే మందపాటి బెరడు ఒకే చుట్ట. అసలు సిలోన్ చెక్క కాగితాల్లా పల్చటి పొరలు పొరలుగా ఉంటుంది, వేళ్లతో నలిపితే విరిగిపోతుంది. ఘాటు ఎక్కువని సగమే వేశాను. బేకింగ్ పౌడర్ కూడా తేదీ లేని కవర్లలో కట్టి పెట్టారు. చెంచాడు వేడినీళ్లలో వేస్తే నురగ రావాలి, రాకపోతే పనికిరాదు. సీలున్న డబ్బా ఇంకెక్కడైనా కొనుక్కోవడం మేలు.

అట్టపెట్టెలు మాత్రం అక్కడే తీసుకోండి, ఈ టిన్ను కొలతకి సరిపోయేవి ఉన్నాయి. ఆయాలకీ వ్యాన్ డ్రైవరుకీ కలిపి లెక్కేసుకోండి. ఆయుధపూజ దగ్గరపడితే ఆ రోడ్డులో కాలు పెట్టలేం కాబట్టి ఓ వారం ముందే, చిక్కపేట మెట్రోలో దిగి నడిచి వెళ్లండి.