స్పీడ్ బూట్లు కొన్నారా, ముందు సోల్ కుట్టించండి (రెండు జతలు అరగదీశాక రాస్తుండా)

ఫుట్‌బాల్‌లో పరుగు కోసం తేలిగ్గా చేసే స్పీడ్ బూట్లు కొనేవాళ్ళంతా ముందు అడిగేది ఎన్ని గ్రాములు అని. సోల్ ఎట్ట అతికించారు, ఎన్నాళ్ళు నిలబడుద్ది అని అడిగినోడిని నేనింతవరకు చూళ్ళేదు. మన నేల మీద ఆడేవాళ్ళకి అదే అన్నిటికంటే ముఖ్యం, మిగతావన్నీ దాని తర్వాతే, ఆ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత పొడుగు రాస్తుండా.

నైకీ మెర్క్యురియల్ తీసుకోవాలా అడిడాస్ ఎఫ్50 తీసుకోవాలా, కాకపోతే ప్యూమా అల్ట్రా చాలా అని మా గ్రౌండ్‌లో పిలకాయలు ఎవరో ఒకరు అడుగుతానే ఉంటారు. ఎంబాపె ఏది వేసుకున్నాడు, మెస్సీ ఏది వేసుకున్నాడు అనేదాంతో మొదలైద్ది మాట. ఎలీట్, ప్రో, అకాడమీ అనే మోడల్ స్థాయిల తేడాలు, చీలమండ దగ్గర కాలర్ ఉంటే సూపర్‌ఫ్లై లేకుంటే వేపర్, ఇట్టాంటివన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను వాడినవి ఈ పోటీలో ఉన్న పెద్ద కంపెనీల మధ్యరకం మోడళ్ళు రెండు. కంపెనీ పేర్లు రాయను. నా ఒక్క జతకి జరిగినదాన్ని పట్టుకుని ఫలానా కంపెనీ ఇంతే అనడం నాకిష్టం లేదు, పైగా మోడల్ ఏటా మారిపోద్ది. మా ఇంట్లో పచ్చవి, తెల్లవి అంటారు కాబట్టి ఈడ కూడా అట్టే అంటా.

నేను రైట్ వింగ్ ఆడతా, అంటే కుడి అంచున ముందుకి పరిగెత్తే చోటు. నెల్లూరులో వీఆర్‌సీ గ్రౌండ్‌లో పొద్దున్నే, అదీ వాకింగ్‌కొచ్చే పెద్దోళ్ళు, క్రికెట్ వాళ్ళు పోను మిగిలిన మూలలో. గడ్డి అనేది వానాకాలంలో కాస్త కనపడుద్ది అంతే, మిగతా రోజుల్లో గట్టి మట్టి, చిన్న చిన్న రాళ్ళు, పక్కల్లో పల్లేరు కాయలు. ఉద్యోగం ఉంది కాబట్టి వారంలో రెండు మూడు రోజులే కుదురుద్ది, అప్పుడప్పుడూ రాత్రిపూట డబ్బులు కట్టి టర్ఫ్‌లో, అంటే ప్లాస్టిక్ గడ్డి మీద ఆడతాం. నా కాళ్ళు వెడల్పు. చిన్నప్పటినుంచి చెప్పులేసుకుని తిరిగిన కాళ్ళకి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి, మనలో చానా మందికి ఇంతే.

పచ్చవి ముందు కొన్నా. కాలికేసుకున్న రోజు నిజంగా బో సంతోషం వేసింది. పైన గుడ్డ ఎంత పల్చగా ఉందంటే బాల్ తగిలిన చోట తగిలినట్టు తెలుస్తది, బాల్‌ని ముందుకి తోసి పరిగెత్తేటప్పుడు కాలు తేలిగ్గా లేస్తది. అంతకుముందు ఏళ్ళ తరబడి జలంధర్ నివియా జత వాడినోడిని, అది గట్టిది, నమ్మకమైంది, కానీ దీంతో తేడా మొదటి పరుగులోనే తెలిసిపోయింది. మా లెఫ్ట్ బ్యాక్ అన్న కూడా ఒకసారి వేసుకుని చూసి, "ఏందబ్బా, వట్టి కాళ్ళతో ఉన్నట్టుంది" అన్నాడు. అప్పుడు అందరికీ ఇదే కొనమని చెప్పా.

ఈ గ్రాముల పోటీ ఎంతదాకా పోయిందో ఒకసారి చూడండి. 1998లో బ్రెజిల్ రొనాల్డో కోసం మెర్క్యురియల్ తెచ్చినప్పుడు 200 గ్రాముల దగ్గర్లో ఉంటేనే జనం ఆశ్చర్యపోయారు. 2010లో ఎఫ్50 అడిజీరో 165 గ్రాములకి దిగింది. 2015లో ప్యూమా ఎవోస్పీడ్ ఎస్ఎల్ 103 గ్రాములు అంటే, అదే ఏడాది అడిడాస్ వాళ్ళు 99 గ్రాముల జత కొద్దిమందికే దొరికేట్టు వదిలారు. ఆ తర్వాత ఎఫ్50 పేరే తీసేసి ఎక్స్ అన్నారు, మళ్ళీ 2024లో ఎఫ్50 అనే తెచ్చారు. వంద గ్రాముల పిచ్చి మాత్రం ఆ తర్వాత తగ్గింది, తర్వాత వచ్చినవాటిలో చానావరకు కాస్త బరువు పెంచుకున్నవే. ఇంకోటి, ప్రకటనల్లో కనపడే గ్రాములు పైమోడల్‌వి, అదీ ఏదో ఒక సైజుకి తూచినవి. మనం కొనే మధ్యరకంలో సోల్ ప్లాస్టిక్ వేరు, గుడ్డ వేరు, బరువు వేరు.

సరే, అసలు సంగతికొస్తా. ఎండలు ముదురుతున్న రోజులు, కావలి నుంచి ఒక టీమ్ వచ్చింది. సెకండ్ హాఫ్, 1-1 మీద ఉండాం. మా మిడ్‌ఫీల్డర్ తమ్ముడు నా ముందుకి బాల్ వదిలాడు, వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ అప్పటికే అలిసిపోయున్నాడు, నా ముందు కీపర్ తప్ప ఎవరూ లేరు. నాలుగడుగులు గట్టిగా వేశా, అయిదో అడుగుకి కుడి బూటు ముక్కు దగ్గర సోల్ ఊడి కిందకి మడతపడింది. ముందుకు పడ్డా. మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి, బాల్ కీపర్ తీసుకున్నాడు. లేచి చూసుకుంటే బూటు నోరు తెరిచి ఉంది, బొటనవేలి కింద నుంచి సగం పాదం దాకా. కొని ఏడాది కూడా కాలేదు. బయట కూర్చున్న పిల్లోడి రబ్బరు బూట్లు ఒక సైజు చిన్నవి, అవే వేసుకుని మిగతా ఆట ఆడా. ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఆ పరుగు మాత్రం నేనింతవరకు మర్చిపోలేదు, అప్పుడప్పుడూ నిద్రపట్టకపోతే అదే గుర్తొస్తది.

కంపెనీకి బిల్లు, ఫోటోలు పంపిస్తే వాళ్ళ జవాబు, వాడకంలో వచ్చిన అరుగుదల, తయారీ లోపం కాదు అని. నాకు కోపం అప్పుడే వచ్చింది. గుడ్డకి చిన్న గీత కూడా లేదు, స్టడ్‌లు (సోల్ కింద ఉండే గుబ్బలు) సగం కూడా అరగలేదు, ఊడింది గమ్ము ఒక్కటే, దాన్ని అరుగుదల అంటే ఎట్ట?

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, అర్థం చేసుకున్నది ఇది. ఈ బూట్లలో పైగుడ్డని అడుగున ఉండే అట్టకి లాగి బిగించి, దాని కింద ప్లాస్టిక్ ప్లేట్‌ని గమ్ముతో అతికిస్తారు. వేడి చేస్తే పట్టే రకం గమ్ము అది, అంటే మళ్ళీ వేడి తగిలితే మెత్తబడే గుణం దానికి ఉంటది. మే నెలలో నెల్లూరు ఎండ 40 దాటి ఉంటది, ఆ ఎండలో బండి డిక్కీలో బూట్లు పెట్టుకుని ఆఫీసుకి పోయేవాళ్ళం మనం. రెండోది ఇంకా పెద్దది. ఎఫ్‌జీ అని రాసి ఉంటది చూడండి, ఫర్మ్ గ్రౌండ్, అంటే వాళ్ళ ఉద్దేశంలో కాస్త గట్టిగా ఉన్న గడ్డి నేల. ఆడ స్టడ్ నేలలోకి దిగుద్ది, కాలు తోసిన బలమంతా నేల తీసుకుంటది. మన మట్టిలో స్టడ్ దిగదు, పైనే నిలబడుద్ది, కాబట్టి కాలు తోసిన ప్రతిసారీ ప్లేటే వంగుద్ది, ఆ వంపు వచ్చేది సరిగ్గా వేళ్ళ మొదట్లో, గమ్ము అంచున. బరువు తగ్గించాలని ప్లేట్ పల్చన చేసి, చుట్టూ అంచు సన్నం చేశారు కాబట్టి గమ్ము పట్టుకునే జాగా కూడా తక్కువే. స్పీడ్ బూట్లే ముందు నోరు తెరవడానికి నాకు కనపడిన కారణం ఇదే, ఏ కంపెనీదైనా. టర్ఫ్ మీద ఎఫ్‌జీ వేసుకుంటే ఇంకో గోల, స్టడ్ పట్టేసి మోకాలు మెలిపడే భయం ఒకటి, అందుకే ఏజీ (ఆర్టిఫిషియల్ గ్రౌండ్) ప్లేట్ అని పొట్టి పొట్టి స్టడ్‌లు ఎక్కువ పెట్టి వేరేగా చేస్తారు.

అయిదు రూపాయల గమ్ముతో అతికించుకోవచ్చు అని ఎవరన్నా చెప్తే వినొద్దండి. అది ఎండిపోయి గాజులాగా గట్టిపడుద్ది, వంగే చోట వెంటనే పగిలిపోద్ది, పైగా గుడ్డని మొద్దుబారేట్టు చేస్తది.

ఆత్మకూరు బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఉండాడు. పచ్చవి తీసుకుపోయి చూపిస్తే చేత్తో వంచి, అటు ఇటు తిప్పి, "నాయనా, ఇంత సన్నం అంచు పెట్టి వట్టి గమ్ము మీద వదిలేస్తే ఎన్నాళ్ళుంటది, చుట్టూ కుట్టు పడాల" అన్నాడు. ముందు పాత గమ్మంతా గీకాడు, ఉప్పు కాగితంతో రుద్దాడు, కొత్త గమ్ము రెండు పక్కలా రాసి ఆరనిచ్చి అప్పుడు అతికించాడు, తడిగా ఉన్నప్పుడు అతికిస్తే పట్టదంట. ఆ తర్వాత మైనం పట్టించిన నైలాన్ దారంతో బొటనవేలు చుట్టూ తిప్పి నడిమి పాదం దాకా కుట్టాడు. మడమ దగ్గర వద్దన్నాడు, ఆడ లోపల గట్టి ప్లాస్టిక్ ఉంటది, ఆరె (చెప్పులు కుట్టే సూది) దిగదు, దిగినా ప్లాస్టిక్ పగులుద్ది. లోపల దారం ముడి వేలికి తగలకుండా ఇన్‌సోల్ తీసి, కుట్టాక సుత్తితో మెల్లగా అణిచి మళ్ళీ పెట్టాడు. జతకి 150 రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి వంటింటి కాటాలో తూచి చూశా, ఊడని ఎడమ బూటు కుట్టకముందు ఎంత బరువుందో ముందే చూసుకున్నా కాబట్టి తేడా తెలిసింది, నాలుగైదు గ్రాములు పెరిగింది అంతే. ఈ నాలుగైదు గ్రాములు ఆ కంపెనీ వాళ్ళు పెట్టుంటే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ కుట్టు తర్వాత పచ్చవి ఇప్పటికీ ఆడతానే ఉండాయి. గుడ్డ రంగు పోయింది, స్టడ్‌లు అరిగి గుండ్రంగా అయిపోయాయి, సోల్ మాత్రం వెంట్రుకంత కూడా కదల్లేదు. ఇది నేను అస్సలు అనుకోలేదు.

తెల్లవి అందుకే వేరేగా మొదలుపెట్టా. ఇంట్లో కార్పెట్ మీద వేసుకుని తిరిగి సైజు చూసుకుని, రిటర్న్ గడువు దాటాక నేరుగా పెద్దాయన దగ్గరికే తీసుకుపోయా, గ్రౌండ్ తర్వాతే. తెల్లవి అల్లిక గుడ్డ, పచ్చవాటికంటే చేతికే కాస్త బరువు తెలుస్తది. కానీ ముందు భాగం వెడల్పుగా సాగుద్ది, చిటికెన వేలు నొక్కుకోదు. పచ్చవి కొన్న మొదట్లో చిటికెన వేలు దగ్గర బొబ్బలొచ్చాయి, అప్పట్లో ఆ సంతోషంలో దాన్ని లెక్కచెయ్యలేదు. అల్లిక గుడ్డకి ఉన్న ఇబ్బంది, సాగడం ఆగదు, కొన్నాళ్ళకి లేసు ఎంత బిగించినా పక్కకి తిరిగేటప్పుడు కాలు లోపల జరుగుద్ది. పల్లేరు ముల్లు రెండిట్లోకీ దిగుద్ది, పల్చటి గుడ్డకి ఏం చేస్తాం. కుట్టుకి కూడా ఒక బాధ ఉంది, వానలో ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికొస్తాయి, ఆట అయ్యేసరికి మేజోళ్ళు పిండుకోవాల. నీడలో పాత పేపర్లు కూరి ఆరబెట్టుకుంటుండా, ఎండలో మాత్రం పెట్టను.

పచ్చవి కాలికి లేనట్టే ఉంటాయి అన్నా కదా, అది ముప్పావుగంట వరకే. ఆ తర్వాత గట్టి నేల మీద ఒక్కో స్టడ్ అరికాలికి విడివిడిగా తగులుద్ది, పల్చటి ప్లేట్ కదా, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తది. కాబట్టి జనవరి దాటి నేల గట్టిపడ్డాక ఇప్పుడు నేను వేసుకునేది టీఎఫ్ అనే రబ్బరు గుబ్బల బూట్లు. స్పీడ్ బూట్ల అసలు రుచి తెలిసేది మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య వానలు పడి నేల మెత్తబడిన రోజుల్లో. స్టడ్ సరిగ్గా దిగుద్ది, ఆగాలనుకున్న చోట ఆగుతాం, ఎదుటోడు జారతా ఉంటే మనం లోపలికి తిరిగి కొట్టొచ్చు. ఆ రెండు మూడు నెలల కోసం ఇంత డబ్బు పెట్టాలా అంటే, నేను పెట్టా, మళ్ళీ పెడతా. కానీ జీతం నాది, పిల్లల ఫీజులు ఇంకా మొదలవలేదు, అందరికీ అట్ట చెప్పలేను.

మరి ఏది కొనాలి? పాదం సన్నగా ఉండి, ఒక పాతికేళ్ళ లోపు వయసుండి, వింగ్‌లోనో ఫార్వర్డ్‌గానో ఆడేవాళ్ళయితే పచ్చవాటి లాంటివి, అంటే పల్చటి గుడ్డ, పల్చటి ప్లేట్. నాలాగా వెడల్పు పాదమైతే అల్లిక రకం చూసుకోండి. న్యూ బ్యాలెన్స్ వాళ్ళు వెడల్పు సైజులు వేరేగా చేస్తారు, నెల్లూరు షాపుల్లో మాత్రం నాకు కనపడలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. ఎప్పుడూ టర్ఫ్‌లోనే ఆడేవాళ్ళు ఎఫ్‌జీ జోలికి పోకుండా ఏజీయో టీఎఫ్‌యో తీసుకోండి. ఒంగోలు, కందుకూరు వైపు నేల ఎట్టుంటదో ఆడే వాళ్ళు రాస్తే బాగుంటది, నేను అటు తక్కువ ఆడా. ఒకటి రెండు మోడళ్ళకి చుట్టూ అంచు అస్సలు ఉండదు, ప్లేట్ పైగుడ్డలోకే కలిసిపోయినట్టుంటది, అట్టాంటివి కుట్టడానికి కుదరదు, కొనేముందు బూటు తిరగేసి ముక్కు దగ్గర దారం పట్టేంత అంచు ఉందో లేదో వేలితో తడిమి చూసుకోండి. కుట్టిన జతని ఎవరూ వెనక్కి తీసుకోరు, వారంటీ కూడా అడగడానికి ఉండదు, కాబట్టి సైజు ఖాయం చేసుకున్నాకే పెద్దాయన లాంటోళ్ళ దగ్గరికి పోండి, గట్టి నైలాన్ దారమే వెయ్యమని అడగండి, మామూలు నూలు దారం అయితే ఒక్క వానాకాలానికే పుచ్చిపోద్ది.